పరదేశమున దేవుని ఊరేగింపు: ఉత్సవవర్ణనమున ప్రేక్షకస్థానము

ఆంధ్రవాఙ్మయమున ఉత్సవవర్ణనములకు కొఱత లేదు. పురాణములయందును, ప్రబంధములయందును, ద్విపదలయందును, సంకీర్తనములయందును దేవుడు వాహనమెక్కి వీథికి వెడలుటను మనవారు పెక్కు విధముల వర్ణించియున్నారు. అయినను ఆ వర్ణనములను చదువునపుడు మనము సామాన్యముగా అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ ఊరేగింపును చూచువా డెవడు? అతడు నిలిచిన చోటెయ్యది? అతడా యూరివాడా, దారిని పోవుచు నిలిచిన బాటసారియా, లేక బ్రతుకుతెరువునకై సముద్రము దాటి వచ్చి పరుల వీథిలో నిలిచిన ప్రవాసియా? దేవు డొక్కడే యైనను చూచువాని స్థితినిబట్టి వర్ణనము మాఱును, మాఱవలెను. మాఱనిచో ఆ వర్ణనము కన్నులతో చూచి వ్రాసినది కాదనియే చెప్పవలసి యుండును. ఈ విషయమును కొంత విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది స్వవిషయ మొకటి. దానిని చెప్పక ముందునకు పోరాదు గనుక పాఠకులు మన్నింతురుగాక. మాది మిర్యాలగూడ. ఉద్యోగము నిమిత్తము సింగపూరున కొన్నియేండ్లు నివసించితిని. ఇప్పటికి సుమారు ఇరువదియేండ్ల క్రిందట అచ్చటి తైపూసపు టుత్సవమును మొదటిసారి చూచి, యింటికడ నున్న మా పెదనాయనకు దానినిగూర్చి జాబు వ్రాసితిని. ఆయనకు చెవులు వినబడవు. టెలిఫోనున మాటలాడుట కుదరదు. భాగవతమును, ప్రబంధములు నాలుగైదింటిని అరుగుమీద గూర్చుండి యెన్నిమాఱులో చదివిన మనుష్యుడు. నా జాబు నాలుగు పుటలు. మేడలమీదినుండి స్త్రీలు తొంగిచూచుట, పూలవాన కురియుట, మంగళవాద్యముల మ్రోతకు దిక్కులు పిక్కటిల్లుట మున్నగున వన్నియు నందు చేర్చితిని. తుదకు “అచ్చముగా మన వాడపల్లి తిరునాళ్ళవలెనే యున్నది” అని ముగించితిని. పదునైదు దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. ఆయన మాటలను ఉన్నవి యున్నట్లే యిచ్చుచున్నాను.

“బిడ్డా, నీ జాబు ముట్టింది. మంచిగ రాసినవు. కాని యిది నేను ముందే చదివిన. మేడల మీది ఆడోండ్లు, పూలవాన, ఇవన్ని మన పుస్తకాలల్ల ఉన్నయి. నువ్వు చూసింది రాయి. వాడపల్లి తీరుగనే ఉన్నదంటివి. వాడపల్లి నాకు ఎరికే గద. దానికోసం నువ్వు సముద్రం దాటవలసిన పని లేకుండె.”

ఈ నాలుగు మాటలకంటె కఠినమైన విమర్శను నేను ఏ పండితునియొద్దను వినలేదు. జాబు నకలును మఱల చదువుకొంటిని. అందలి దోషము శైలీదోషము మాత్రమే కాదు, సత్యదోషము. సింగపూరు ప్రభుత్వము 1973 లో ఆ ఊరేగింపు దారియందు వాద్యములను నిషేధించెను. ఆ నిషేధము ఇటీవలి యేండ్లలో క్రమముగా సడలింపబడినది గాని, నేను చూచిన నాటికి తొలగలేదు. అనగా నే నెచ్చట నిలిచి చూచితినో ఆ దారిలో దిక్కులు పిక్కటిల్లజేయు వాద్యములు లేనేలేవు. లేనిదానిని నేను వింటి నని వ్రాసితిని. అబద్ధమాడవలె నను నుద్దేశము నాకు లేదు. నా చేతిలోని వర్ణనసామగ్రియే నాచేత ఆ యబద్ధము నాడించెను. ఈ సామగ్రి యెచ్చటినుండి వచ్చినది?

దండి మొదలగు నాలంకారికులు మహాకావ్యమునకు విధించిన వర్ణనములు పదునెనిమిది యని ప్రసిద్ధి. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము, ఉద్యానము, జలక్రీడ, మధుపానము, రతోత్సవము, విప్రలంభము, వివాహము, కుమారోదయము, మంత్రము, దూత్యము, ప్రయాణము, యుద్ధము, నాయకాభ్యుదయము. ఈ పట్టికను శ్రద్ధతో చూచినచో ఒక విశేషము కనబడును. దేవుని ఉత్సవమునకు ఇందు ప్రత్యేకస్థానము లేదు. మన దేశమున ఏ పల్లెకు పోయినను కనబడునట్టి యీ దృశ్యము లక్షణగ్రంథమున చోటులేక, నగరవర్ణనమునందో ప్రయాణవర్ణనమునందో తలదాచుకొనవలసి వచ్చెను. పరుల యింట తలదాచుకొనువాడు ఆ యింటి సామానునే వాడుకొనును. కావుననే దేవుని ఊరేగింపు రాజుగారి ఊరేగింపువలె వర్ణింపబడుట యాచారమయ్యెను.

ఈ ఆచారమునకు మూలము చాల ప్రాచీనము. అశ్వఘోషుని బుద్ధచరితమున మూడవ సర్గమునందు రాకుమారుడు వీథికి వెడలగా పురస్త్రీలు గవాక్షములకడకు తొందరతో చేరుదురు. కాళిదాసుడు రఘువంశమున ఏడవ సర్గమునందు అజుని పురప్రవేశమునకును, కుమారసంభవమున ఏడవ సర్గమునందు శివుని పెండ్లిరాకకును ఈ ఘట్టమునే వాడెను. అలంకారము సగము ముగిసియు ముగియకయే స్త్రీలు పరుగెత్తుట అతనిచేతిలో జీవకళ దాల్చినది. వీరిరువురికిని ఆ ఘట్టముతో పని యున్నది. అశ్వఘోషునికి, లోకమంతయు ఆశతో చూచు రాకుమారుడు ఆ వీథిలోనే వార్ధకమును చూచుట ముఖ్యము. కాళిదాసునికి, వచ్చువానిని నేరుగా వర్ణింపక చూచువారి సంభ్రమముచేత వర్ణించుట ముఖ్యము. తరువాతివారిలో పెక్కురు ఆ ప్రయోజనమును విడిచి ఘట్టమును మాత్రము గ్రహించిరి. అప్పటినుండి ఊరేగింపును వర్ణింప దలచిన కవికి వీథికి పోవలసిన యక్కఱ తీఱెను. నా జాబులోని మేడలును పూలవానయు ఈ త్రోవను వచ్చినవే.

ఇట్లనుటచే స్థిరవాసియైన ప్రేక్షకుని వర్ణనమంతయు నిస్సార మని నా భావము కాదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) తిరుమలయందలి వాహనసేవలపై రచించిన సంకీర్తనములు ఇందుకు దృష్టాంతము. ఏటేట ఆ సేవలనే చూచువాని కన్ను సామాన్యవిషయములను దాటి విశేషములను పట్టుకొనును. గరుడసేవకును గజవాహనమునకును గల భేద మతనికి మాటలలో చెప్పవలసిన భేదము. ఉత్సవము నిత్యపరిచితము కావున అతడు తన యాశ్చర్యమును నటింప నవసరము లేదు. స్థిరవాసికి బలము పరిచయము. ఆ పరిచయము లేనివాడు స్థిరవాసి మాటలను ఎరువు తెచ్చుకొనుటలోనే చిక్కంతయు నున్నది.

ఇక రెండవ ప్రేక్షకుడు బాటసారి. మన భాషలో నితనికి మంచి ప్రతినిధులే కలరు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణము శ్రీశైలయాత్రికుల పుస్తకమన్నను తప్పులేదు. శివరాత్రి జాగరణమునకు కొండకు చేరువారు, వారి పాటలు, ఆటలు, బొమ్మలాటలు, దొమ్మరుల విద్యలు అందు వరుసగా పేర్కొనబడినవి. 1939 లో చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణముతో ఆ గ్రంథము వెలువడిన తరువాత మన సాంఘికచరిత్రకారులకు అది గనివంటిది యైనది. సోమనాథుడు తాను చూచినదానిని పేరుపెట్టి పిలుచును. ఆట యనక యే యాటయో, పాట యనక యే పాటయో చెప్పును. ద్విపదకు ప్రబంధగౌరవము లేదని యొకప్పుడు పండితులు తలచిరి గాని, ఊరేగింపు నడకకు దగిన ఛందస్సు దానికంటె వేఱొకటి లేదు.

క్రీడాభిరామము రెండవ దృష్టాంతము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమున కిది యనుకృతి. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన యీ వీథిని శ్రీనాథకృత మని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. కర్త యెవ్వరైనను అందలి కన్ను మాత్రము బాటసారి కన్ను. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులు తిరుగుచు, కనబడినదానిని ఒకరికొకరు చూపుకొందురు. వారు భక్తులు కారు, శత్రువులును కారు. మైలారదేవుని వీరభటులు నిప్పుల గుండమున నడచుట, ఇనుపకొక్కెములకు వ్రేలాడుట మొదలగు ఘోరవ్రతములను అందు చూతుము. సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రమున (1949) ఈ కావ్యము నంతగా వాడుకొనుటకు కారణ మిదియే. కవి తన యూహను విడిచి వీథిని నమ్ముకొనెను. అయితే ఒక కొఱతయు చెప్పవలెను. ఆ మిత్రులు చూచుచు ముందునకు సాగిపోవుదురు. కొక్కెమునకు వ్రేలాడినవాడు సాయంకాలము ఇంటికెట్లు పోయెనో, అతని గాయమున కెవరు పసుపద్దిరో వారికి పట్టదు. బాటసారికి బలము కుతూహలము. అతని దోషమును అదియే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు మూడవవారు. 1830 మే 18 న చెన్నపట్టణమునుండి బయలుదేఱి 1831 సెప్టెంబరు 3 న తిరిగివచ్చిన యీ యాత్రికుడు, మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన జాబులే 1838 లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చుపడినవి. దారిదూరములు, బసలు, సరకులు, నీటివసతి, ఆచారభేదములు ఆయన దినదినమును వ్రాసికొనెను. ఆయన వచనమున లక్షణము తప్పినచోట్లు పెక్కు కలవు. కాని వ్రాయువాని యెదుట ఒక పాఠకు డున్నాడు. అతడు చెన్నపట్టణమున కూర్చుండి, తాను చూడనిదానిని తెలిసికొన గోరుచున్నాడు. ఈ స్పృహయే ఆ గ్రంథమునకు ప్రాణము. చూడనివానికి ‘మన యూరివలెనే యున్నది’ యని వ్రాసినచో వాని కేమియు నిచ్చినట్లు కాదని ఆయన యెఱుగును. ఆయన యెఱిగినది నూటడెబ్బదియేండ్లకు పైబడిన పిమ్మట నేను మఱచితిని.

మూడవ ప్రేక్షకుడు ప్రవాసి. ఇతనినిగూర్చియే మన వాఙ్మయము మిక్కిలి పేదది. తెలుగువారు సముద్రము దాటుట నిన్న మొన్నటి సంగతి కాదు. మారిషస్సు చెఱకుతోటలకు 1834 నుండి భారతదేశపు ఒప్పందపు కూలీలు పోవజొచ్చిరి. ఆ తరములోనే తెలుగువారును చేరిరి. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మొదటి యోడ ట్రూరో 1860 నవంబరు 16 న చెన్నపట్టణమునుండి చేరెను. ఫిజీకి దక్షిణదేశపు కూలీలు 1903 నుండి పోయిరి. బర్మాకు పోయినవారిని కోరంగి రేవుపేర ‘కోరంగీ’లనిరి, మలయా తోటలకు పోయినవారు కంగాణీల వెంట పోయిరి. పోయినవారు దేవుని విడిచి పోలేదు. దక్షిణాఫ్రికాలో 1931 న ఆంధ్రమహాసభ వెలసినది. మారిషస్సున ఉగాది నేటికిని ప్రభుత్వపు సెలవుదినము. సభలున్నవి, భజనలున్నవి, గుళ్ళున్నవి. అయితే చెఱకుతోటలో మొట్టమొదట దేవుని నెత్తికెత్తుకొని ఊరేగించిన దినమున వానికి కలిగిన భావ మేమో చెప్పు తెలుగు కావ్యము మాత్రము మన కందలేదు. ఆ దినమును వర్ణింపవలసినవాడు ఆ దినమున బోయీగా నుండెను. పల్లకి మోయువానికి వర్ణనమునకు తీరిక యెక్కడిది?

ఈ శూన్యమును నేటి రచనలు నింపుచున్న తీరు విచారింపదగినది. పరదేశమున ఉత్సవమును చూచినవారు వ్రాయు వచనములందు ఒక వాక్యము తఱచుగా తగులును: ‘ఆ క్షణమున నేను మా ఊరిలోనే యున్నట్లు తోచినది.’ ఈ వాక్యము మధురముగా నుండును. దీనిని నేనును వ్రాసినవాడను గనుక దీని తత్త్వము నా కెఱుకయే. ఇది రెండు స్థలములకును అన్యాయము చేయును. ఎదుటనున్న ఊరేగింపును చూడక దానిని తన యూరికి అద్దముగా మాత్రము వాడుకొనును; తన యూరినిగూడ నొక మంగళవాద్యమునకును ఒక పూలమాలకును కుదించును. ఇట్టివానిని చదివినవానికి వాడపల్లియు తెలియదు, సింగపూరును తెలియదు.

ఇందు కొకరాక్షేపము చెప్పవచ్చును. కావ్యమున రసము సాధారణీకరణముచే గదా కలుగును? విశేషములను ప్రోగుచేసినచో వర్ణనము వార్తయగును గాని కావ్యమగునా? భట్టనాయకుని మతమును నేను కాదనను. కాని సాధారణీకరణము పాఠకుని హృదయమున జరుగవలసిన వ్యాపారము. కవి ముందుగానే విశేషమును తుడిచివేసి యిచ్చినచో పాఠకునికి సాధారణీకరించుకొనుట కేమి మిగులును? దండి స్వభావోక్తిని అలంకారములలో మొదటిదిగా గణించెను. కుంతకుడు దాని కలంకారత్వమునే నిరాకరించెను. వస్తుస్వభావము అలంకార్యము గాని అలంకారము కాదని యతని వాదము. ఇరువురి మతమునందును వస్తుస్వభావము లేనిదే కావ్యము నిలువదను నంశము సమానమే. ఉత్సవవర్ణనమునకు, అందును పరదేశపు టుత్సవవర్ణనమునకు, స్వభావోక్తియే మొదటి మెట్టు.

ఇంతకును నేను చూచినదేమి? మఱునా డుత్సవ మనగా సుబ్రహ్మణ్యస్వామి వెండిరథముపై ట్యాంకు రోడ్డునందలి దండాయుధపాణి కోవెలనుండి వెడలి కియాంగ్ సైక్ వీథిలోని వినాయకుని కోవెలకు పోయి వచ్చును. దండాయుధపాణి కోవెల 1859 లో చెట్టియారు వర్తకులు కట్టించినది. తైపూసపునాడు మ్రొక్కుబడివారు పాలకుండలును కావడులును దాల్చి సెరంగూను రోడ్డునందలి శ్రీనివాస పెరుమాళ్ కోవెలనుండి బయలుదేఱి మూడు నాలుగు కిలోమీటర్లు నడచి దండాయుధపాణిని చేరుదురు. ఈ పెరుమాళ్ కోవెలకు మొదటి పేరు నరసింహ పెరుమాళ్ కోవెల. 1960 దాటిన పిమ్మటనే శ్రీనివాసుని పేర మాఱినది. కృష్ణ యొడ్డున వాడపల్లిలోను మట్టపల్లిలోను నరసింహుని కొలిచిన ప్రాంతమువాడనైన నేను, ఆ గుడిముందట నిలిచియు ఈ సంగతి నెఱుగనైతిని. నా జాబులో నిజముగా వాడపల్లిని తలచుకొనదగిన చోటు అదియొక్కటే. దానిని విడిచి లేనిపోని వాద్యములయందు వాడపల్లిని వెదకితిని.

కావడి యను మాటను తీసికొందము. మా ప్రాంతమున కావడి యనగా బద్దకు రెండువైపుల కడవలు కట్టి నీళ్ళు మోయు సాధనము. సింగపూరున కావడి యనగా ఆళ్ళెత్తు ఉక్కుచట్రము. నెమలియీకలతో అలంకరింపబడి, సన్నని సలాకలతో మోయువాని దేహమునకే తగిలింపబడియుండును. బుగ్గలను నాలుకను వేలాయుధములు గ్రుచ్చుకొన్నవారును కలరు. మాట యొక్కటియే, వస్తువు వేఱు. ‘కావడి’ యని మాత్రము వ్రాసిన నా జాబును చదివి మా పెదనాయన నీళ్ళకావడినే యూహించుకొనియుండును. క్రీడాభిరామములోని మైలారభటుల నొకమాట జ్ఞప్తికి దెచ్చినచో ఆయన తటాలున గ్రహించియుండెడివాడు. పోలిక చెప్పవలసినచో నిట్టి పోలిక చెప్పవలెను. అది వస్తువును తెలుపును. ‘మన తిరునాళ్ళవలె’ ననునది వస్తువును కప్పును.

మా సీమయందు ఊరేగింపు పేర చెప్పదగినది సూర్యాపేటకడ దురాజుపల్లి పెద్దగట్టు జాతర. రెండేండ్ల కొకసారి మాఘమాసమున లింగమంతులస్వామికి జరుగు నీ జాతరకు కేసారము గ్రామమునుండి దేవరపెట్టె వచ్చును. యాదవులు భేరీలు మ్రోగించుచు, గజ్జెలాగులు తొడిగి, “ఓ లింగా” యని కేకలిడుచు గట్టెక్కుదురు. తైపూసమును సామాన్యముగా జనవరి, ఫిబ్రవరులలోనే వచ్చును. రెండును ఇంచుమించుగా నొకే కాలపు ఉత్సవములు. రెండింటను దేవుడొక చోటినుండి మఱియొక చోటికి జనుల నెత్తిపై భుజములపై సాగును. భేద మెచ్చట నున్నది? పెద్దగట్టునకు జనులు పోవునపుడు దారి వారిదగును. చూచువారికిని మోయువారికిని నడుమ గీత యుండదు. సింగపూరున వీథిలో నొక భాగమునే ఉత్సవమునకు విడిచి, ప్రక్కనే వాహనములు పోవుచుండును. కూడలియందు పోలీసులు చేయెత్తినచో కావడి మోయువాడు శూలములతోనే నిలువవలెను. ఆ నిలుపునందు అతడు పరదేశమున నున్నాడని తెలియును. నేను చూచిన నాడు భేరీలు లేకుండెను గనుక తోడి బంధువులు నోటితోనే పాడిరి, చప్పట్లు కొట్టిరి, “వేల్ వేల్” అని యఱచిరి. మ్రోత లేకుండుటయే నాటి విశేషము. దానిని వర్ణింపవలసినవాడు మ్రోతను వర్ణించెను.

చూచువారును వేఱే. బాటకు రెండువైపుల చీనావారు, మలయావారు, తెల్లవారు నిలిచియుందురు. కొందఱు కెమేరాలతో వచ్చినవారు. కొందఱు చేతులు జోడించువారు. చీనావారిలో మ్రొక్కుబడి చెల్లించుకొనువారును కలరు. వాటర్లూ వీథిలోని కృష్ణుని కోవెలయెదుట వారు తమ యాచారముచొప్పున అగరువత్తులు వెలిగించుటను ఏ దినమునైనను చూడవచ్చును. ఒక ప్రభుత్వము 1968 లో ఈ పండుగను సెలవుల పట్టికనుండి తొలగించినను, పనికి సెలవడిగి వచ్చి శూలము దాల్చువాని మ్రొక్కు ఎంత దృఢమో యోచింపుడు. ఇవి వ్రాసినచో వర్ణనము వార్తయగునా? నా యభిప్రాయమున, భక్తిభావమునకు ఉద్దీపనవిభావము లిట్టివే, పూలవాన కాదు.

మా పెదనాయన ప్రత్యుత్తరము వచ్చిన మఱుసంవత్సరము మఱల పోయి, ఈసారి మొదటినుండి తుదివఱకు ఒక కావడి ప్రక్కనే నడచితిని. రెండవ జాబు ఒకటిన్నర పుట మాత్రమే. ప్రత్యుత్తరము వచ్చుటకుముందే ఆయన కాలము చేసెను. తరువాత ఇంటికి పోయినపుడు ఆయన భాగవతపు ప్రతిలో ఆ జాబు మడతపెట్టి యుండుట చూచితిని. అందొక వాక్యముక్రింద పెన్సిలుతో గీత గీసియున్నది. ఆ వాక్య మిది: “కావడి మోయువాని భార్య ఒక చేత నీళ్ళసీసాయు, వేఱొక చేత చిన్న ముక్కాలిపీటయు పట్టుకొని, పోలీసు లాపినప్పుడెల్ల పీటవేసి మగని కూర్చుండబెట్టుచు, తాను నిలుచుండి, తుదివఱకు చెప్పులులేక నడచినది.” అంచున ఆయన వ్రాసిన మాట: “ఈమెది ఏ ఊరో అడుగకపోతివి.”

నేనడుగలేదు. మూడుగంటలు ప్రక్కనే నడచియు అడుగలేదు. బాటసారి కుతూహలమును సంపాదించితిని గాని, సాటి ప్రవాసినన్న స్మృతి నాకు లేకపోయెను. క్రీడాభిరామమున మంచనశర్మకు పట్టని విషయ మని పైన నేనెత్తిచూపిన కొఱతయే నాయందును ఉన్నదని యా పెన్సిలువ్రాత చూపెను. కావున మూడవ ప్రేక్షకుని లక్షణమును ఆయన మాటనుబట్టియే నిర్ణయించుచున్నాను. స్థిరవాసికి పరిచయము బలము. బాటసారికి కుతూహలము బలము. ప్రవాసికి బలము ఆ ప్రశ్న. ఎదుటివాడును తనవలెనే యెచ్చటినుండియో వచ్చినవాడని తెలిసి ‘మీ దేయూరు?’ అని యడుగగలిగినవాడు వ్రాసిన ఉత్సవవర్ణనము మన భాషలో నింకను రావలసియున్నది.

అది వచ్చుటకు సామగ్రి లేకపోలేదు. నేడు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలయందు బిడ్డలు పరదేశమున లేని వీథి అరుదు. అరబ్బు దేశములనుండియు అమెరికానుండియు వచ్చిన జాబులు, కాగితము లున్న కాలమువి, పెట్టెలలో నున్నవి. అందు ఉత్సవముల ముచ్చటలును ఉండకపోవు. తాళపత్రములను వెదకుటకు మన పండితులు ఊరూర తిరిగిరి. ఈ జాబులను సేకరించుటయు పరిశోధనమే. ఇంటివారి యనుమతితో, పేర్లు మఱుగుపఱచి, చూచినదానిని చూచినట్లు వ్రాసిన వాక్యములను ఏర్చి ప్రకటించినచో, బోయీగా నుండి వర్ణింపలేకపోయిన మొదటి తరమువారి ఋణము కొంతయైనను తీఱును. మన పరిశోధకమండలులు ఈ విషయమున శ్రద్ధ వహింతురని యాశించుచున్నాను.